రెండు తెడ్ల పొడవున్న బండి

ఆమెని అందరూ బాతక్క అంటారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. జలాశయంలో పొడవాటి పలక మీద నిలబడి తెడ్డు వేయడం నేర్పుతుంది. ఆమె ఒడ్డున నిలబడి ఒక్క కేక వేస్తే, నీళ్ళంటే హడలిపోయే గుమాస్తాలు కూడా కాళ్ళు తడవకుండా అవతలి గట్టుకి చేరిపోతారని చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధం. కాళ్ళు తడుస్తాయి.

ఆ శుక్రవారం హడలిపోవడం ఆమె వంతైంది. సాయంత్రం నాలుగింటికి జలాశయం ఇన్‌స్పెక్టరు వస్తాడు. నాలుగు పలకలూ, ఎనిమిది లైఫ్ జాకెట్లూ రేవులో కళ్ళెదుట కనబడితే ఈ ఏడు కూడా రేవు ఆమెదే. కనబడకపోతే రేవు అడిగినవాళ్ళ జాబితాలో రెండో పేరువాళ్ళది. తొమ్మిదేళ్ళు పలకలు మోసిన వ్యాను బుధవారం నడిరోడ్డు మీద ప్రాణం వదిలేసింది. అద్దె బళ్ళవాళ్ళు పదకొండు అడుగుల పలకని చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

పదకొండింటికి పాత బళ్ళ షెడ్డులో ఉంది. వెంట అక్క మొగుడు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి, బండి కనిపిస్తే చాలు బానెట్టు ఎత్తేస్తాడు. ఆమె చేతిలో ఎప్పటి తెడ్డే ఉంది. అది పొడవు పెంచి తగ్గించుకునే రకం. తన ఎత్తుకి సరిచేసుకుని, క్లిప్పు బిగించి, రెండేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు. పలక సరిగ్గా రెండు తెడ్లు. తలుపులైనా గోడలైనా దాంతోనే కొలిచే అలవాటు ఆమెది.

బావగారి కళ్ళు మొదట ఎత్తైన జీపు మీద పడ్డాయి.

"మరదలు పిల్లా, దీంట్లో కూర్చుంటే దొరసానిలా ఉంటావు."

"దీని నెత్తికి పలక ఎక్కించాలంటే నిచ్చెన కావాలి బావగారూ. నా భుజం సంగతి మీకు తెలుసుగా."

"నిచ్చెన కొందాం."

"దాన్ని మోయడానికి ఇంకో బండి కొందామా?"

తెడ్డు ఆయన చేతికిచ్చి ఆమె రెండోదాని దగ్గరికి నడిచింది. అది చిన్న కారు. చవక. పైన కడ్డీలు కూడా ఉన్నాయి. కానీ ఒకసారి వంతెన మీద గాలి ఆమె పలకని తాళ్ళతో సహా ఎత్తుకుపోయింది. అది వెనక లారీ అద్దం మీద పడలేదు గనక ఆమె ఇంకా జైలు బయట తిరుగుతోంది. అప్పట్నించీ టాపు మీద కట్టనని ఒట్టు.

మూడోది రొట్టెల కంపెనీ వదిలించుకున్న మూత వ్యాను. నేల మోకాలి ఎత్తే. లోపల రేకు పరిచి ఉంది, తడి జాకెట్లు పడేసినా బకెట్టు నీళ్ళతో కడిగేయొచ్చు. ధర ఆమె దాచుకున్న దాంట్లోనే ఉంది. ఇంజను విని బావగారు తల ఊపాడు. ఇక తేలాల్సింది పొడవొక్కటే. ఈలోగా ఒక పరుపుల వ్యాపారి అదే వ్యాను చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు.

"లోపల కొలవండి బావగారూ, నేను కాగితాల పని చూస్తాను," అని ఆమె ఆఫీసు గదిలోకి పరిగెత్తింది.

"రెండు తెడ్లూ, పైన జానెడూ," అని కేక వినిపించింది. సంతకం పెట్టేసింది. అమ్మినవాడు అప్పుడే చెప్పాడు, బండి గేటు దాటితే వెనక్కి తీసుకోనని.

రెండింటికి ఇంటి ముందు పలకలు ఎక్కించారు. వెనక తలుపు పడలేదు. మూరెడు పలక బయటే ఉండిపోయింది. ఆమె మళ్ళీ తోసింది. ముందు సీటు వీపు కిర్రుమంది తప్ప పలక కదల్లేదు.

అప్పుడు తెడ్డు వంక చూసింది. అది ఆమె భుజం దాకానే ఉంది.

"దీన్నెవరు తగ్గించారు?"

బావగారు గొంతు సవరించుకున్నాడు. "షెడ్డులో నిలబడి నిలబడి మోకాలు లాగింది. చేతికర్రలా బాగుంటుందని కాస్త..."

ఆమె తెడ్డుని మళ్ళీ తన ఎత్తుకి లాగి క్లిప్పు బిగించింది. తిట్టి ఉంటే ఆయనకి నయంగా ఉండేది.

"తలుపు తెరిచే పెట్టి తాడు కట్టుకుంటే?" అన్నాడు మెల్లిగా.

"దారిలో ఆ వంతెన ఉంది."

ఆయన వ్యాను లోపలికి తొంగిచూశాడు. డ్రైవరు పక్క సీటు తీసేస్తే పలకలు నిలువుగా డాష్‌బోర్డు దాకా పోతాయి. పానాల సంచీ తెచ్చి నేల మీద బోర్లా పడుకున్నాడు. నాలుగు బోల్టులు. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పుతో ఒకటైపోయింది. కిరోసిన్ పోశాడు, సుత్తితో కొట్టాడు, దాని ఏడుతరాలనీ పలకరించాడు. మూడూ ఇరవైకి అది విరిగింది. తలుపు పడింది.

"మీరెక్కడ కూర్చుంటారు?" అంది ఆమె, స్టీరింగు దగ్గర.

"ఇదిగో, సింహాసనం," అని పీకేసిన సీటుని వీధి అరుగు పక్కన వేసుకుని కూర్చున్నాడు. "నువ్వు పో."

అరగంట దారి. వంతెన మీద గాలికి బండి రెండుసార్లు పక్కకి జరిగింది, పలకలు మాత్రం జరగలేదు. రేవు చేరేసరికి నాలుగుకి ఏడు నిమిషాలు. ఇన్‌స్పెక్టరు ముందే వచ్చి, గడియారం చూసుకుంటున్నాడు.

రోజూ ఇద్దరు దించే పలకలు. గాలిలో ఒక్కరే ఎత్తితే మనిషిని గాలిపటం చేసేస్తాయి. అందుకని ఎత్తలేదు, ఈడ్చింది. నేల మోకాలి ఎత్తే గనక ఈడ్చగలిగింది. జాకెట్లు. ఒకటో పలక. రెండోది. మూడోది దించేటప్పుడు కుడి భుజంలో ఏదో కలుక్కుమంది. నాలుగోది సగం బయటికి వచ్చాక చెయ్యి మాట వినడం మానేసింది. పలక ముక్కు ఇసుకలో, తోక వ్యానులో.

"నాలుగైంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లెక్క పెట్టుకోండి."

"రేవులో ఉండాలమ్మా. అది బండిలో ఉంది."

"బండి ఎక్కడుందండీ?"

ఆయన బండి వంక చూశాడు. వెనక చక్రాలు తడి ఇసుకలో ఉన్నాయి. కాగితం తిప్పాడు, రూలు చదువుకున్నాడు. చాలాసేపు చదివాడు. ఆమె ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని నిలబడింది.

"నాలుగు," అని రాసి, సంతకం చేసి, కాగితం చేతిలో పెట్టాడు.

ఆయన వెళ్ళాక ఆమె ఇసుకలో కూలబడింది. తర్వాత లేచి, ఎడమ చేత్తో, వేలెడు వేలెడుగా, నాలుగో పలకని పూర్తిగా కిందికి లాగి మిగతావాటి పక్కన పెట్టింది.