లైన్ మీద ఉన్నవాళ్ళ ఓట్లు

ఒక్క ఆదివారం, ఒక్క ఫోన్‌తో నేను పదకొండేళ్ళ పాలనను కూల్చేశాను. అది మా మామగారి పాలన. కూల్చింది ఆయన్ని గెలిపించబోయి. అప్పటికి మా పాపకి ఏడు నెలలు. ఆ ఇంట్లో నాకంటే ఎక్కువ తెలివి దానికే ఉండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళకి ఒక సంఘం ఉంది. సంఘానికి ఒక హాలు, హాలుకి ఒక తాళం. తాళంచెవి మావయ్య బెల్టుకి వేలాడేది. ఆయన రిటైరైన రైలు డ్రైవరు, సంఘానికి కార్యదర్శి. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయనకి పోటీగా, ఊళ్ళో కుదుదండ్ పేటలో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ రైలు గార్డు అప్పలరాజుగారు నిలబడ్డారు. ఆ రోజునుంచి మావయ్యకి అన్నం సహించలేదు.

"నా ఓట్లన్నీ లైన్ మీదుంటాయమ్మా. డ్రైవర్లందరూ నా దగ్గర పని నేర్చుకున్నోళ్ళే. ఆదివారం మనం ఓట్ల డబ్బా పెట్టేమని బండి ఆపి దిగొస్తారేటి?"

"డ్యూటీలో ఉన్నవాళ్ళ చేత ఫోన్లో వేయిద్దాం మావయ్యా," అన్నాను. నాది కంప్యూటర్ డిగ్రీ. పాప టీకాల తేదీలు పట్టికలో పెట్టుకోవడానికి తప్ప అది అప్పటిదాకా దేనికీ పనికిరాలేదు.

"దొంగోట్లు పడిపోవేటి?"

"ఒక నంబరుకి ఒకటే ఓటు. ఓటీపీ కొడితేనే తెరుచుకుంటుంది. ఎవరు ఎవరికి వేశారో నాక్కూడా కనబడదు."

"అచ్ఛా," అన్నారు మావయ్య. ఆయన అచ్ఛా అంటే పచ్చజెండా ఊపినట్టే. అప్పలరాజుగారు కూడా, "సదువుకున్న పిల్ల, చెయ్యనీండి," అన్నారు.

నేను అసలే భయస్థురాలిని. గ్యాస్ కట్టానో లేదో మూడుసార్లు చూస్తాను, పాప ఊపిరి తీస్తోందో లేదో ముప్పైసార్లు చూస్తాను. ఓటు లింకును కూడా అలాగే పరీక్షించాను. డ్రైవర్లు అవతలి ఊళ్ళో బండి దిగి, విశ్రాంతి గదిలో టీ తాగుతూ తీరిగ్గా ఓటేస్తారని నా ఊహ. డ్యూటీలో ఉన్న పద్నాలుగుమంది నంబర్లూ సంఘం రిజిస్టరులోంచి తీసి, లింకులు పంపేశాను. అన్నీ చూశాను కానీ, ఆ నంబర్లు ఎవరివో చూడలేదు.

సాయంత్రం డబ్బా విప్పితే మావయ్య తొమ్మిది ఓట్ల ముందంజలో ఉన్నారు. అప్పటికే మిఠాయి పెట్టె తాడు విప్పుతున్నారు. నేను ఫోన్ తెరిచి చదివాను. అప్పలరాజుగారికి పన్నెండు. మావయ్యకి రెండు.

ఒక్క ఓటుతో ఓడిపోయారు.

"పన్నెండా?" అని మావయ్య తాడు పట్టుకునే నిలబడిపోయారు. "నేను పని నేర్పినోళ్ళా?"

అదే క్షణంలో తలుపు దగ్గర, ఆ పద్నాలుగుమంది డ్రైవర్లలో ఒకడైన నాగేశ్వరరావు అన్నయ్య కనిపించాడు. భుజాన డ్యూటీ బ్యాగుంది, మొహాన నల్లటి దుమ్ముంది.

"చెల్లెమ్మా, ఓటెక్కడెయ్యాలి?"

"మీరు వేసేశారు అన్నయ్యా. పది గంటల పద్నాలుగు నిమిషాలకి."

"అప్పుడు నేను చాంపా స్టేషను బయట ఎర్ర సిగ్నల్ కేసి చూసుకుంటా కూచున్నాను. ఫోను స్విచ్ ఆఫ్ చేసి బ్యాగులో పెట్టేను."

నంబరు చదివి వినిపించాను. "అది మీ వదినది కదా!" అన్నాడు.

అప్పుడు వెలిగింది. ఇంజన్లో ఫోన్ ఆపెయ్యాలి, ఇంటికొస్తే నిద్రపోవాలి. ఎప్పుడు చేసినా ఎత్తని నంబరు ఇచ్చి లాభమేమిటని డ్రైవర్లందరూ రిజిస్టరులో పెళ్ళాల నంబర్లే రాయించారు. డ్రైవరు పెళ్ళాన్నయ్యుండి, నాకీ సంగతి తట్టలేదు!

అందరూ అన్నయ్య భార్య రమణమ్మ వదిన వైపు తిరిగారు.

"ఏటి, నన్నే చూస్తారు?" అంది వదిన. "ఓటెయ్యమని ఫోనొచ్చింది, వేసేను. బ్యాంకు ఓటీపీ నేనే కొడతాను, గ్యాసు ఓటీపీ నేనే కొడతాను, ఇస్కూల్లో సంతకం నేనే పెడతాను. దీనికొక్కదానికీ ఈయన బండి దిగాలేటి?"

"ఎవరికేసేవే?" అన్నాడు అన్నయ్య.

"మా మజ్జానం కుట్టుక్లాసుకి హాలు తాళం ఇస్తానన్నోళ్ళకి."

వెనకాల పదకొండుమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా చీర కొంగులు సర్దుకున్నారు.

"చెల్లదు! రూలుబుక్కు తియ్యండి!" అని మావయ్య కేకేశారు.

అప్పలరాజుగారు తీసి చదివారు. "ఒక మెంబరు కార్డుకి ఒక ఓటు. బస్, అంతే ఉంది గురువుగారూ. ఇంట్లో ఎవరెయ్యాలో రాయలేదు. రాత మీదే."

మావయ్య పుస్తకం తీసుకుని తన దస్తూరీని చూసుకున్నారు. తర్వాత బెల్టునుంచి తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టారు.

ఇంటికొచ్చాక కూడా మావయ్యది ఒకటే మాట. "ఒక్క ఓటమ్మా. అదెవరిదో!"

పద్నాలుగుమందిలో మా ఆయన కూడా ఉన్నారు. జాబితా తీస్తే, ఆయన పేరు పక్కన నంబరు అత్తయ్యది, మా పెళ్ళికి ముందు రాయించింది. మొదట పడిన ఓటు అదే, పది గంటల ఒక నిమిషానికి. వంటింట్లోకి పరిగెత్తాను.

"అత్తయ్యా, మీరు..."

"మెల్లిగా!" అన్నారు అత్తయ్య, పోపు గరిటె నా నోటికి అడ్డంపెట్టి. "పదకొండేళ్ళయి ఒక్క సాయంత్రం నాతో కూచుని టీ తాగలేదే. ఓడిపోతే ఇంటిపట్టునుంటారని వేసేను."

ఉన్నారు. పొద్దున్న ఆరింటినుంచి రాత్రి పదింటిదాకా ఉన్నారు. మూడో రోజుకి ఫ్రిజ్ మీద అత్తయ్యకీ నాకూ డ్యూటీ చార్టు వెలిసింది. అయిదో రోజునుంచి పాప పాలు తాగినప్పుడల్లా 'రైట్ టైమ్', 'పది నిమిషాలు లేటు' అని డైరీలో ఎక్కుతోంది. ఎనిమిదో రోజు, కూరలో ఉప్పు తగ్గినందుకు అత్తయ్యని లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగారు.

ఆ సాయంత్రం అత్తయ్య నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళారు.

"అమ్మాయ్, ఆ ఫోను ఓట్లు మళ్ళీ ఎప్పుడు పెడతావే? ఈసారి పద్నాలుగూ ఆయనకే వేయిస్తాను."

పాప తల మీద ఒట్టేయడానికి నాకు భయం. అందుకని కుక్కరు మూత మీద చెయ్యివేసి, అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ మగవాడి పేరు పక్కన ఏ నంబరున్నా, ముందు ఫోన్ చేసి ఎవరెత్తుతారో వినకుండా ఓటు పంపను. అత్తయ్యకి మాత్రం, వినకుండానే, అందరికంటే ముందు పంపుతాను.