ఈ షాక్ కరెంటుది కాదప్పా

నర్సమ్మ పోయిందని మంగళవారం ఉదయం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ఒక రైతు తోటలో మోటారు విప్పి బాగుచేస్తున్నాను. "నిద్రలోనే గుండె నిలిచిపోయింది" అన్నాడు ఆమె తమ్ముడు. సరేనని ఫోన్ జేబులో పెట్టుకొని, విప్పిన బోల్టులన్నీ ఒక్కొక్కటిగా బిగించేశాను. అంతా అయ్యాక చూస్తే లోపల ఉండాల్సిన రోటరు బయట గోనెపట్టా మీదే ఉంది. రైతు నా మొహంలోకి చూసి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న మా సూళగిరి చుట్టుపక్కల కాన్పులైన ఇళ్లవాళ్లకు ఆమెను నేను పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా ఊరి చిన్న సర్కారు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా నర్సు. పొట్టి మనిషి, గొంతు మాత్రం సంత చివరిదాకా వినిపించేది. తిట్టేది తెలుగులో, బుజ్జగించేది తమిళంలో. చదువుకున్నది కోలారు వైపు కాబట్టి నాడి మాత్రం కన్నడంలో లెక్కపెట్టేది. మొగుడు పోయినా బొట్టు తీయలేదు, మోపెడ్ దిగలేదు. ఊళ్లో చాలామందికి ఆమె అంటే గిట్టేది కాదు, ఒళ్లు బాగాలేనప్పుడు తప్ప.

ఆమెతో నా పరిచయం నా బుద్ధితక్కువ పనితో మొదలైంది. తొంభైల చివర్లో మాట. నా భార్యకు తొలి కాన్పు. మధ్యాహ్నానికి ఆడబిడ్డ పుట్టింది. నేను వరండాలో అందరికీ కల్కండు పంచుతున్నాను. ఇంతలో లోపలినుంచి నర్సమ్మ ఆయాను కేకేసింది. "బిరీన రా, షాక్‌లోకి పోతా ఉండాది!"

నేను ఇళ్లకు వైరింగు చేసేవాణ్ణి. నా పనిలో ఆ మాటకు ఒకటే అర్థం. షాక్ అని వినపడితే మనిషి దగ్గరికి పోకూడదు, ముందు మెయిన్ దగ్గరికి పోవాలి. వరండాలో ఉన్న బోర్డు దగ్గరికి పరుగెత్తి మూడు ఫ్యూజులూ పీకేశాను. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది. పరదాలు వేసిన ఆ గది చీకటైపోయింది. ఫ్యూజులు చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడి అరిచాను. "అమ్మా, ఆమెను ముట్టుకోవద్దండి. కట్టెతో తోయండి."

నర్సమ్మ తలెత్తి చూసింది. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఈ షాక్ కరెంటుది కాదప్పా. రక్తం పోతా ఉండాది. పోయి ఫ్యూజులు పెట్టు."

పీకేటప్పుడు వణకని చేతులు పెట్టేటప్పుడు వణికాయి. తిరిగి వచ్చేసరికి ఆమె సూది ఎక్కించి, సెలైన్ వదిలి, మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టిస్తోంది. నా భార్య పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా, చెమటగా ఉంది. ఆమెకేమైందని అడిగాను. పని ఆపకుండానే నర్సమ్మ చెప్పింది.

"మోటారు ఆడతా ఉండాది, బోరులో నీళ్లు లేవు. గుండె కొట్టుకుంటా ఉంది, కొట్టేదానికి రక్తం చాలదు. దీన్నే మేము షాక్ అంటాము. తెలిసిందా?"

తెలిసింది. నీళ్లు లేక ఆడి కాలిపోయిన మోటార్లు నేను ఎన్ని చూడలేదు.

టమోటాలు తోలే వ్యానులో కృష్ణగిరికి బయలుదేరాం. మా అమ్మ బిడ్డతో ముందు కూర్చుంది. వెనక నర్సమ్మ ఒక చేత్తో నా భార్య పొత్తికడుపు నొక్కిపట్టి, ఇంకో చేత్తో సెలైన్ బాటిల్ పైకెత్తి పట్టుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. "నీ చేతులు ఇంకా వణకతా ఉండాయి. చెయ్యి దిగితే ధార నిలిచిపోతాది" అంది. నా భార్య కళ్లు మూతలు పడినప్పుడల్లా చెవి దగ్గర గదమాయించింది. "కండ్లు తెరువమ్మా. నీ మొగుడు ఆసుపత్రికంతా మెయిన్ ఆఫ్ చేసినాడు. లేచి తిట్టేది నువ్వు కాక ఇంకెవరు?" దారి పొడుగునా ఆ చెయ్యి కిందికి దిగలేదు. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో నేనూ వ్యాను డ్రైవరూ రక్తం ఇచ్చాం. నా భార్య బతికింది. నర్సమ్మ బిగుసుకుపోయిన తన చేతిని రెండో చేత్తో పట్టుకొని మెల్లగా దించుకోవడం నేను చూశాను.

ఇంకో కాన్పు ఈ మనిషి తట్టుకోలేదని డాక్టరు చెప్పి పంపాడు. ఆ మాట మా ఇంట్లో ఆరు నెలలే నిలిచింది. తర్వాత మా అమ్మ మొదలుపెట్టింది. వంశానికి మగబిడ్డ వద్దా, దేవుడు ఒకసారి కాపాడినవాడు ఇంకోసారి కాపాడడా. అదీ కుదరకపోతే కృష్ణగిరి దాటి పోచంపల్లి వైపు ఒక సంబంధం ఉందని కూడా అంది, నా భార్య వింటుండగానే. పాలు తాగే బిడ్డను ఆమె ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. నేను ఆసుపత్రికి వెళ్లి నా భార్యకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని అడిగాను.

"ఆమెను ఇంకా కోసేది ఎందుకప్పా? నువ్వు చేయించుకో. పావుగంట పని" అంది నర్సమ్మ.

నేను తల దించుకున్నాను. ఆమె నవ్వింది. "భయపడొద్దు. ఒక వైరు కట్ చేస్తారు, అంతే. మెయిన్ ఆఫ్ చేసేది నీ అలవాటు, డాక్టర్లది కాదు."

చేయించుకున్నాను. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి, నేను దాటాక నవ్వులు మొదలయ్యేవి. ఒకాయన తన ఇంటి వైరింగు పని నాకు ఇవ్వనన్నాడు, చెయ్యి మంచిది కాదట. ఆయన చీకట్లో కూర్చుంటే నాకేం నష్టం? మా అమ్మ మాత్రం ముసుగు పెట్టి పడుకుంది. "నాకు షాక్ కొట్టినట్టయింది, నేనింక బతకను" అని రెండు రోజులు తిండి మానేసింది. భయపడి నర్సమ్మను పిలుచుకొచ్చాను. ఆమె బీపీ చూసింది, మణికట్టు పట్టుకొని కన్నడంలో లెక్కపెట్టింది.

"పెద్దమ్మా, నీ బీపీ నా బీపీ కంటే బాగుండాది. షాక్ అంటే ఏమో నువ్వు ఆ పొద్దు వ్యానులో చూసినావు. ఇది అలక. దీనికి నా దగ్గర మందు లేదు, రాగిముద్ద తిను" అంది.

ఇంటి ముందు చేరిన జనాన్ని చూసి గొంతు పెంచింది. "మీకూ అంతే. ఈయప్ప ఆపరేషన్ చేయించుకుంటే ఎవరూ చావరు, లేచి పనులకు పోండి." మా అమ్మ ఆ సాయంత్రమే ముద్ద తింది. నేను ఊళ్లో మళ్లీ తలెత్తి నడిచింది ఆ రోజునుంచే.

తర్వాత ఎప్పుడో నర్సమ్మ ఇంట్లో స్విచ్చులు మారుస్తున్నప్పుడు, ఎవరూ అడగని సంగతి నేను అడిగాను. మొగుడు హైవే మీద లారీ గుద్ది పోయిన రోజున ఆమె ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదని ఊరు ఇంకా చెప్పుకునేది. ఆమె కోప్పడలేదు.

"ఏడుపు రాలేదప్పా. నెల దినాలు అన్నానికి రెండు తట్టలు పెట్టినాను, రెండు తట్టలు కడిగినాను. అదీ షాకే. ఒంటికైతే సెలైన్ ఉండాది. దీనికి పక్కన ఒకరు కూర్చోవాల. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎందుకు ఏడవలేదని చూసేదానికి మాత్రం అందరూ వచ్చినారు."

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టి కాసేపు ఆమె పక్కన కూర్చున్నాను. "స్విచ్చులెవరు పెడతారు?" అని ఆమే లేపింది.

మంగళవారం నేను ఇంటికి వెళ్లేసరికి నా భార్య కొంగు దోపుకొని సిద్ధంగా ఉంది. పదో తరగతి చదివే మా కూతుర్ని బడికి పంపలేదు. నర్సమ్మ ఇంటి దగ్గర పాడె లేచేటప్పుడు ఇద్దరూ మగవాళ్లతో పాటు కదిలారు. మా వైపు ఆడవాళ్లు వీధి మలుపు దగ్గరే ఆగిపోవాలి. ఒక పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. "ఏమమ్మా ఇది? ఆడోళ్లు ఆడికి పోతారా యాడైనా? చూసినోళ్లు ఏమనుకుంటారు?"

నా భార్య గొంతు పెంచలేదు. "ఆయమ్మ కృష్ణగిరి దాకా నాతో వచ్చింది. నేను శ్మశానం దాకా ఆయమ్మతో పోకూడదా? జనానికి షాక్ అయితే కానీ మామా. వాళ్లే లేస్తారు."

ఆయన నావైపు చూశాడు, నేను అడ్డుచెబుతాననుకొని. నేను మోస్తున్న పాడెను ఇంకో భుజానికి మార్చుకున్నాను.

ఎండ మాడు పగలగొడుతోంది. నర్సమ్మ మొహం మీద ఎండ పడకుండా నా భార్య గొడుగు విప్పి, చెయ్యి చాచి పైకెత్తి పట్టుకొని పాడె పక్కనే నడిచింది. సగం దారిలో పాడె ఇంకొకరికి ఇచ్చి, గొడుగు నేను తీసుకుంటానన్నాను. తల అడ్డంగా ఊపింది. శ్మశానం వచ్చేదాకా ఆ చెయ్యి కిందికి దిగలేదు.