తెల్లవారితే ఆదివారం

నా పెళ్ళి ఏ రోజు జరిగిందో నాకే తెలియదని ఒక ఆఫీసు తేల్చి చెప్పింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. అందుకే మొదట్నుంచీ చెబుతాను.

మా అమ్మాయి బహ్రెయిన్‌లో పుట్టింది. మా ఆయన ఏసీలు బాగుచేసే మెకానిక్కు. నేను సీఫ్‌లో ఒక ఆఫీసు టవర్లో క్లీనింగ్ పని చేస్తాను. నువైద్రాత్‌లో ఒక పాత ఇంట్లో మాకో గది. నేను డ్యూటీకి వెళ్తే పాపను పక్క గదిలో ఉండే పిన్ని చూసుకునేది. పిన్నంటే చుట్టమేమీ కాదు, మా తణుకు వైపు ఆవిడ. ఏళ్ళ తరబడి అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసి ఒళ్ళు హూనమైపోయి, రంజాన్ వెళ్ళగానే ఖలాస్, ఇంటికి పోతానంది. ఆవిడ వెళ్ళేలోపు పాపను ఇండియా తీసుకెళ్ళి మా అక్క చేతిలో పెట్టి, నేను ఒక్కదాన్నీ తిరిగొచ్చి డ్యూటీలో చేరాలి. ఇద్దరం పనిచేస్తే తప్ప నడవని సంసారం మాది. వేరే దారి లేదు.

విమానం ఎక్కాలంటే పాపకు పాస్‌పోర్టు ఉండాలి. పాస్‌పోర్టు కావాలంటే ముందు పాప భారత పౌరురాలని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి నమోదు చేయించాలి. పుట్టి ఏడాది దాటితే వ్యవహారం ఢిల్లీకి పోతుందన్నారు. పాపకు అప్పటికి ఏడో నెల. నాకైతే ఆ మాటకే ఒళ్ళు మండింది. అమ్మదీ నాన్నదీ గోదావరి జిల్లా అయినప్పుడు పిల్ల ఏ దేశందో ఒకళ్ళు చెప్పాలా?

పై గదిలో జగిత్యాల వైపు తమ్ముడొకడు ఉండేవాడు, సెంట్రింగ్ పని. అతని దగ్గర లాప్‌టాప్ ఉంది. ఓ శుక్రవారం అన్నాలు తిన్నాక దాన్ని మా బియ్యం డబ్బా మీద పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. అడిగినవి రాయడానికి మాకు పావుగంట చాలదు, ఆగడానికి ఆ వెబ్‌సైటుకు పావుగంట కూడా ఓపిక లేదు. సమయం మించిపోయిందని మమ్మల్ని బయటికి తోసేసి మళ్ళీ మొదటి పేజీకి తెచ్చేది. దరఖాస్తుదారు వృత్తి ఏమిటని అడిగింది.

“పాలు తాగుడని రాయాల్నా అక్కా?” అన్నాడు తమ్ముడు. “గిదేం లొల్లి? నేను దుబాయి వచ్చెటప్పుడు గూడ గిన్ని అడగలే.” బహ్రెయిన్‌లో పదేళ్ళుగా ఉంటున్నా అతనికిది దుబాయే.

ఇక ఫొటో. వెనక తెల్లగా ఉండాలి, రెండు చెవులూ కనబడాలి, కళ్ళు తెరవాలి, నోరు మూసుకోవాలి. ఏడు నెలల పిల్ల చెప్పగానే నోరు మూసుకుంటుందా? ఆయన తెల్లపంచె పరుపు మీద పరిచి పాపను పడుకోబెట్టాం. నేను గిలక్కాయ ఊపుతూ ఉంటే ఆయన మంచమెక్కి పైనుంచి ఫొటోలు తీశారు. కళ్ళు తెరిస్తే నోరు తెరిచేది, నోరు మూస్తే నిద్రపోయేది. చివరికి ఒకటి కుదిరితే, సైజు ఎక్కువైందంది. తగ్గించి పెడితే మరీ తక్కువైందంది. ఆ సాయంత్రం నేను లాప్‌టాప్‌ను తిట్టిన తిట్లకు తమ్ముడు పాప చెవులు మూశాడు.

చివర్లో మా పెళ్ళి తేదీ అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం తడుముకోలేదు. మాది శనివారం పెళ్ళి. ఇద్దరం ఒక్కసారే ఆ తేదీ చెప్పాం, తమ్ముడు టైపు కొట్టాడు, దరఖాస్తు వెళ్ళిపోయింది.

మూడు వారాలు ‘పరిశీలనలో ఉంది’ అని చూపించింది. తర్వాత తిరస్కరించామని ఒక ముక్క వచ్చింది. వివరాలు పత్రాలతో సరిపోలడం లేదట. ఏ వివరం, ఏ పత్రం? చెప్పదు. సరే, మళ్ళీ కొత్తగా పెడదామంటే, మా పాస్‌పోర్టు నంబర్లతో ఇప్పటికే ఒక దరఖాస్తు ఉంది, రెండోది కుదరదంది. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఒకటి, మీ కాల్ మాకు ముఖ్యం అంటూ అరగంట నిలబెట్టి కట్ చేసేది. ఇలా కాదని ఇద్దరం సగం రోజు సెలవు పెట్టి, పాపను చంకనేసుకుని ఎంబసీ వాళ్ళ కౌంటర్‌కి వెళ్ళాం.

కౌంటర్‌లో కుర్చీలో ఉన్నాయన మర్యాదస్థుడే. హిందీలో అడిగాడు, పెళ్ళెప్పుడైందని. శనివారమన్నాం. “మీ మ్యారేజ్ సర్టిఫికెట్లో ఆదివారం తేదీ ఉంది కదా మేడమ్” అని స్క్రీన్ మా వైపు తిప్పాడు.

చూద్దును కదా, నిజమే. గల్ఫ్‌కి వచ్చేముందు హడావిడిగా రిజిస్ట్రారు ఆఫీసులో చేయించిన సర్టిఫికెట్టది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి అడిగినచోటల్లా ఇచ్చామే తప్ప ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

మా ముహూర్తం శనివారం రాత్రి రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలకు. మనకు సూర్యుడు వస్తేనే రోజు మారినట్టు. శుభలేఖలో ‘శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం’ అనే వేశారు. పంతులుగారికీ చుట్టాలకూ మాకూ అది శనివారమే. మా ఊరి రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా మాత్రం గడియారం చూసి ఆదివారం వేశాడు.

ఫోన్లో ఉన్న శుభలేఖ చూపించి, నాకొచ్చిన హిందీలో వివరించాను. ఆయన ఓపిగ్గా విని, “పన్నెండు దాటితే తారీకు మారుతుంది కదా మేడమ్” అన్నాడు.

“శనివారం సాయంత్రం నన్ను పెళ్ళికూతుర్ని చేశారండీ. తెల్లారేదాకా పీటల మీంచి లేవలేదు. మధ్యలో మీ ఆదివారం ఎప్పుడొచ్చింది?” అన్నాను. కోపంలో హిందీ పోయి తెలుగే వచ్చేసింది.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. “ఊరుకోవే. ఆదివారమనే రాసేద్దాం. మన పెళ్ళి ఎక్కడికీ పోదుగా.”

“మీకేమండీ, ఏ వారమైనా ఒకటే!” అని ఆయన మీద కూడా ఎగిరాను.

చివరికి కాగితం రాసిచ్చాం. మా వివాహం ఆదివారం జరిగిందనీ, పొరపాటున ముందు రోజు తేదీ వేశామనీ ప్రమాణం చేసి మరీ చెప్పాం. సంతకం పెడుతుంటే తల కొట్టేసినట్టయింది. ఆ పాత దరఖాస్తు రద్దు కావడానికి కొన్ని వారాలు, కొత్తది కదలడానికి ఇంకొన్ని వారాలు. టవర్లో బకెట్లు పెట్టే గదిలో నిలబడి, బ్రేకు దొరికినప్పుడల్లా ఫోన్ తీసి చూసేదాన్ని. పరిశీలనలో ఉంది. పరిశీలనలోనే ఉంది. రంజాన్ మొదలైంది, పిన్ని అట్టపెట్టెకు తాడు కట్టడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో కనబడ్డ ప్రతివాళ్ళ మీదా అరిచాను. కొళాయి సరిగ్గా కట్టలేదని మా ఆయన మీద, మెట్లు గట్టిగా దిగాడని తమ్ముడి మీద. పాపకు రెండు పళ్ళొచ్చాయి. మంచంకోడు పట్టుకుని నిలబడసాగింది.

రంజాన్ మొదలైన వారానికి నమోదు అయిందని కబురొచ్చింది. ఆ వెనకే దరఖాస్తు పెట్టిన పాస్‌పోర్టు పండగ ఇంకో వారముందనగా వచ్చింది. కౌంటర్‌లో అదే మనిషి, నవ్వుతూ చేతికిచ్చాడు.

“ఈసారి అన్నీ సరిపోయాయి మేడమ్. ఒకసారి చదువుకుని సంతకం పెట్టండి. తప్పుంటే ఇప్పుడే చెప్పాలి, మార్పించడానికి మళ్ళీ నెల పడుతుంది.”

మా ఆయన అప్పటికే పక్కకు జరిగి, గురువారం టికెట్లు ఉన్నాయా అని ఫోన్లో అడుగుతున్నారు. వెళ్ళడానికి ఇద్దరికి, రావడానికి ఒక్కరికి.

పాపను చంకలో సర్దుకుని చదివాను. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు, నా పేరు. మళ్ళీ చదివాను. మూడోసారి వేలు పెట్టి చదివాను. పిన్ని పదిరోజుల్లో వెళ్ళిపోతుందని తెలుసు, పిల్లను చూసుకునే దిక్కు లేదనీ తెలుసు. అయినా ఎక్కడో ఒక అక్షరం తప్పు దొరక్కపోతుందా అని చదువుతూనే ఉన్నాను.

ఆయన ఫోన్ పెట్టేసి వచ్చారు. “ఇంకా ఏం వెతుకుతున్నావే?”

“తప్పేమైనా ఉందేమోనని.”

“ఉందా?”

లేదన్నాను. ఆయన పెన్ను ఇచ్చారు, సంతకం పెట్టాను.