దారివ్వండి బాబుగారూ

పాత సైకిళ్ళ యాత్ర కోసం హైదరాబాదు నుంచి రాజమండ్రి వెళ్ళాను. నలభై మందిమి పంచెలు ఎగ్గట్టి, తాతల నాటి సైకిళ్ళెక్కి ఆత్రేయపురం బయల్దేరాం. ముందుగా ఊరు చేరినవాళ్ళకి బహుమతిగా కప్పు ఇస్తారట. ఊరు రెండు మైళ్ళుందనగా కాలవగట్టు మీద ఫొటో కోసం అడ్డంగా నిలబడ్డాం. వెనక ఒకటే బెల్లు మోత. గోచీ పోసి చీర కట్టిన, యాభై ఏళ్ళు దాటిన మత్స్యకార స్త్రీ. మా అందరి సైకిళ్ళ కంటే పాతది ఆవిడదే. వెనక చేపల బుట్ట.

నిర్వాహకుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "యాత్ర పేరు రాయించుకున్నవాళ్ళకేనమ్మా!"

నాకు ఒళ్ళు మండింది. "ఆడమనిషనేగా ఆపుతున్నారు? రోడ్డేమన్నా మగవాళ్ళ సొత్తా?" అని అందుకున్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఉపన్యాసం తర్వాత చెబుదురుగాని, ముందు పక్కకి తప్పుకోండి బాబుగారూ. అడ్డం తమరేనండి. ఎండెక్కితే నా చేపలు ఎవరు కొంటారండి?"

తిట్లలో కూడా 'అండి' వదలని సీమ ఇది. సిగ్గుపడి జరిగాను.

ఆవిడ దూసుకుపోయింది. "పట్టుకోండెహె!" అని ఎవరో అరిచారు. అందరం వెంటపడ్డాం. మడ్‌గార్డులు గలగలలాడాయి, పంచెలు జారాయి, నవ్వుతూ రొప్పుతూ తొక్కాం. ఒక్కరికీ అందలేదు.

ఊరి మొదట్లో కట్టిన రిబ్బను హ్యాండిల్‌కి చుట్టుకుని పుటుక్కున తెగింది. జనం చప్పట్లు కొట్టారు. "దారికడ్డంగా ఈ గుడ్డముక్కలేంటండీ!" అని కసిరి, ఆవిడ ఆగకుండా వీధిలోకి తిరిగింది.

ఆవిడను ఆపిన నిర్వాహకుడే కప్పు పట్టుకుని వెనకాల పరుగెత్తాడు. సందు లోపలి నుంచి కేక మాత్రం వినిపించింది: "చేపలమ్మా, చేపలు!"