చింతపండుతో తోమిన రాణి

నాకు శుభ్రం పిచ్చి. డెబ్బైల్లో టైడా రైలు స్టేషను పైన కొండల్లో ఒక బడికి టీచరుగా వెళ్లినప్పుడు ఆ పిచ్చినీ వెంట తీసుకెళ్లాను. గూడెం నుంచి వచ్చి బడిలో వంట చేసే ఆవిడను గిన్నెల విషయంలో ఎంత సాధించానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాపం, ఒక్క మాట ఎదురు చెప్పేది కాదు.

ఆవిడ మెడలో పూసల మధ్య ఆకుపచ్చగా చిలుము పట్టిన కంచు బిళ్ల ఒకటి ఉండేది. ఒక వైపు కొప్పు పెట్టుకున్న ఆడమనిషి మొహం, రెండో వైపు కంకులు పట్టుకుని కూర్చున్న ఇంకో ఆవిడ. రోజూ పొద్దున్నే దాన్ని కళ్లకద్దుకునేది.

"మాయమ్మ ఇచ్చినాది. మా ముసలమ్మలందరి మొకమూ ఇదేనంట. పెళ్లికి మా గుంట మెడలో కడతాను" అంది నాతో, కూతుర్ని తలుచుకుని.

నేను దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును విశాఖలో నాకు చరిత్ర చెప్పిన మాస్టారికి పంపాను. అది రోము నాణెమనీ, ఒక వైపు చక్రవర్తి భార్య, వెనక పంటల దేవత అనీ, తప్పకుండా తెచ్చి చూపించమనీ జవాబు రాశారు. ఇంక నా కాళ్లు నేల మీద నిలవలేదు. వారంలో తెచ్చిస్తానని ఆవిడను బతిమాలాను. అప్పటికప్పుడే పూసల తాడు విప్పి ఇచ్చింది.

"బేగి తెచ్చియ్యి టీచరమ్మా, మెడ బోసిగున్నాది" అంది.

అంత మురికి వస్తువును మాస్టారి చేతిలో ఎలా పెడతాను? దేవుడి సామాను తోమినట్టే చింతపండూ ఉప్పూ పట్టించి, ఇటుక పొడితో అరగంట తోమాను. బిళ్ల తళతళలాడింది. మొహం లేదు. తిప్పి చూస్తే కంకులూ లేవు. అలాగే విశాఖ పట్టుకెళ్లి చూపించాను. మాస్టారు తిట్టినా బాగుండేది. "పాత కంచు మీద బొమ్మ ఆ చిలుములోనే ఉంటుందమ్మా" అని తిరిగి నా చేతిలో పెట్టేశారు.

రైలు కొండెక్కుతున్నంతసేపూ నిజం చెప్పేయాలనే అనుకున్నాను. తీరా ఆవిడ బిళ్లను బొటనవేలితో తడిమి "మొకమేటైపోనాది?" అని అడిగేసరికి, గిన్నెల దగ్గర నేను పెట్టిన ఆరళ్లన్నీ గుర్తొచ్చాయి. నామోషీ అడ్డొచ్చింది.

"అది మొహం కాదు, చిలుము అలా పేరుకుంది. తోమితే పోయింది" అన్నాను.

టీచరు చెప్పాక ఇంక తిరుగేముంది? ఆవిడ బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే మాయమ్మ ఇన్నాళ్లూ సిలుముకి దండమెట్టిందా?" అంది.

రాణి పోతే పోయింది, చచ్చిపోయిన వాళ్లమ్మను కూతురి కళ్లముందే వెర్రిదాన్ని చేశాను. ఆ పాపం నాది, ఇంకెవరిదీ కాదు.

ఆ ఏడే ఆవిడ తన కూతురి పెళ్లి చేసింది. పిలిస్తే వెళ్లాను. పిల్ల మెడలో ఉత్త పూసలే ఉన్నాయి. ఆవిడ నాకు పీట వేసి కూర్చోబెట్టి, చుట్టాలందరికీ చూపించింది.

"మా టీచరమ్మ సెప్పబట్టి సరిపోయింది గానీ, మా గుంట మెడలో సిలుము కట్టేద్దును" అంది.