కాఠ్మాండూ లాండ్రీకి పోయిన కంబళి

రెండువేల ఇరవై మూడు. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర ఒక సందులో నాది చిన్న ట్రావెల్ ఆఫీసు. కాశీ, గయ, నేపాల్ యాత్రలకు జనాన్ని పోగుచేసి పంపడం నా పని. ఇన్నేళ్ళుగా ఎక్కడెక్కడికో మనుషులను పంపుతున్నాను గానీ నేను వెళ్ళింది తక్కువ. ఆఫీసు మూసి వెళ్తే ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. తిరిగొస్తే ఎలా జరిగిందని అడిగేవాళ్ళూ ఇంట్లో లేరు.

ఈ పనిలో యాత్రకు ముందు వచ్చే ఫోన్ల కంటే తర్వాత వచ్చేవే ఎక్కువ. హోటల్ గదిలో ఏదో ఒకటి మరిచిపోయి వస్తారు. ఛార్జర్లు, కళ్ళద్దాలు, పళ్ళసెట్లు, ఊరగాయ సీసాలు. దిండు గలీబులో నగలు దాచి, దాచిన సంగతి రైలెక్కాక గుర్తు తెచ్చుకున్న మహాతల్లులు కూడా ఉన్నారు. హోటళ్ళలో లాస్ట్ అండ్ ఫౌండ్ అని ఒక విభాగం ఉంటుంది. గది ఊడ్చేవాళ్ళకు దొరికిన వస్తువును గది నంబరు రాసి కొన్నాళ్ళు అక్కడ దాస్తారు. ఛార్జర్ కోసం ఫోన్ చేసేవాళ్ళను మాత్రం నేను నిర్మొహమాటంగా కొత్తది కొనుక్కోమంటాను.

ఆ ఏడు కార్తీకంలో వెళ్ళిన నేపాల్ గ్రూపులో బెళుగుప్ప వైపు పల్లె నుంచి ఈరన్న అనే గొర్రెల కాపరి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. తనకూ భార్యకూ కలిపి సీట్లు రాయించాడు. బయలుదేరే లోపలే ఆమె జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. గొర్రెలు అమ్మేశాడు. ఆమె డబ్బు వాపసు ఇస్తానంటే, "దుడ్లు ఒద్దుమ్మా. ఆమె సీటు అట్లే ఉండనీ," అన్నాడు. మేము ట్విన్ షేరింగ్ పద్ధతిలో, అంటే గదికి ఇద్దరి చొప్పున సర్దుతాం. అందుకని ప్రతి ఊళ్ళోనూ రెండు మంచాల గదిలో ఈరన్న ఒక్కడే ఉన్నాడు.

యాత్ర నుంచి తిరిగొచ్చిన మరునాడే ఆఫీసుకు వచ్చాడు. నిద్ర లేక కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"కంబళి ఇడిసిపెట్టి వచ్చినామ్మా," అన్నాడు. "ఆ కాఠ్మాండూ హోటల్లో."

నాకు చిరాకేసింది. "కంబళే కదన్నా. కళ్యాణదుర్గం పోతే దొరకదా?"

"దొరుకుతాది. అది మా పెండ్లి కంబళి. దాని మీద కూచోబెట్టే మాకు పెండ్లి చేసినారు. మా గొర్రెల బొచ్చే అది. ఆమెవి ఇంగేమీ లేవుమ్మా. చీరలన్నీ అక్కచెల్లెండ్లు తీసుకపోయినారు."

వౌచర్ తీశాను. వౌచర్ అంటే గదులు ఖాయమైనట్టు హోటల్ ఇచ్చే కాగితం. దాని మీద ఉన్న నంబరుకే ఫోన్ చేస్తాను, ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు చచ్చినా చేయను. మేనేజరు మర్యాదస్తుడు. గదంతా వెతికించి, ఏమీ దొరకలేదని సాయంత్రానికి చెప్పాడు.

తర్వాతి వారం ఈరన్న ఎవరిదో స్మార్ట్ ఫోన్ పట్టుకుని రొప్పుకుంటూ వచ్చాడు. హోటల్ నుంచి మాట్లాడుతున్నామని ఎవరో ఈరన్న నంబరుకు హిందీలో చెబితే, ఆ స్మార్ట్ ఫోన్ ఆసామి తెలుగులో చెప్పాడట. కంబళి దొరికింది, కస్టమ్స్ సుంకం కట్టాలి, ఈ స్మార్ట్ ఫోన్‌కు పంపిన క్యూఆర్ కోడ్‌కు డబ్బు వేయమన్నారట. మా గ్రూపులో ఒకాయన ఉపకారం చేద్దామని, కంబళి పోయిన సంగతి ఈరన్న ఫోన్ నంబరుతో సహా వాట్సాప్‌లో ఊరంతా చాటాడు. దొంగలకు అంతకంటే ఏం కావాలి?

"నాకు రాదు, నువ్వు కట్టుమ్మా," అని నోట్లు బల్ల మీద పెట్టాడు.

"అవి జేబులో పెట్టుకో. ముందు ఫొటో పంపమందాం," అన్నాను. వస్తువును కళ్ళతో చూడకుండా పైసా కదలనివ్వకూడదనేది నా పద్ధతి.

అడిగితే ఫొటో వచ్చింది. పెద్ద పెద్ద గులాబీలున్న ఎర్రటి మెత్తని రగ్గు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

ఈరన్న చాలాసేపు చూశాడు. "ఇది కాదు," అన్నాడు. మళ్ళీ తనే, "అయినా కట్టుమ్మా. దుడ్లు ముట్టినాయంటే దాన్ని గూడా ఎతుకుతారేమో."

"కట్టను," అన్నాను, కావలసినదానికంటే గట్టిగానే. ఆ నంబరును బ్లాక్ చేసి సైబర్ పోలీసులకు ఫిర్యాదు పెట్టాను. ఆయన మాత్రం నోట్లు ముట్టుకోకుండా అలాగే కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. క్యారియర్ విప్పి జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి ఇద్దరికీ పెట్టాను. నాకు ఎదురుగా కూర్చుని ఎవరైనా తిని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

తింటూ ఊరికే అడిగాను. "ఆ పొద్దు లేచి ఏం చేసినావన్నా?"

"ఏముండాదిమ్మా. మంచం మరీ మెత్తగా ఉంటే నిద్ర పట్టలేదు. కింద పరుచుకోని పండుకుంటి. తెల్లారుతూనే అన్నీ మడిసి ఒగచోట పెట్టినా."

"అన్నీ అంటే?"

"వాళ్ళ దుప్పట్లు, నా కంబళి. మందకాడ అంతే గదా. లేస్తూనే ఎవురి కంబళి వాళ్ళు మడిసి ఒగదాని మీద ఒగటి ఏస్తాం. ఆమె వచ్చి అన్నీ కలిపి మూట గట్టి గాడిద మీదికి ఏస్తాండె."

నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. గొర్రెల మంద దగ్గర లేచినట్టే ఆయన హోటల్లోనూ లేచాడు. మూట కట్టే మనిషే లేదు. గది శుభ్రం చేసేవాళ్ళు వచ్చి ఆ దొంతర మొత్తాన్నీ ఎత్తుకుపోయి ఉంటారు. హోటల్ లినెన్, అంటే దుప్పట్లు, తువ్వాళ్ళు, చాలాచోట్ల ఉతకడానికి బయటి లాండ్రీకి పోతుంది. అందులో కలిసిన వస్తువు లాస్ట్ అండ్ ఫౌండ్‌కు చేరదు.

గది సంగతి వదిలేసి లాండ్రీని అడగమని మేనేజరుకు చెప్పాను. మరుసటి రోజు ఫొటో వచ్చింది. ఎవరిదో తెలియక అరలో పక్కన పెట్టిన నల్లటి మడత. ఈరన్నకు ఫోన్ చేసి, నేను చూసింది చెప్పకుండా, కంబళికి గుర్తేమిటని అడిగాను.

"అంచుకు ఎర్రదారం. ఆమె కుట్టినాది."

ఫొటోలో ఎర్రదారం ఉంది. ఉందని చెప్తే ఫోన్‌లో ముక్కు చీదుకోవడం వినిపించింది.

డబ్బు నేను హోటల్‌కూ పంపలేదు, మేనేజరుకూ పంపలేదు. ఆయన మంచివాడే. కానీ మంచివాడి పేరు చెప్పుకుని ఇంకొకడు అకౌంట్ నంబరు పంపవచ్చు. ఇంపోర్ట్ పికప్ అని ఒక పద్ధతి ఉంది. ఇక్కడి కొరియర్ ఆఫీసులో మనమే బుక్ చేసి, ఇక్కడే డబ్బు కట్టి రసీదు తీసుకుంటాం. అక్కడ వాళ్ళ మనిషే హోటల్‌కు వెళ్ళి వస్తువు తెచ్చుకుంటాడు. నేపాల్ మనవాళ్ళకు పరాయి దేశంలా అనిపించదు గానీ సరిహద్దు సరిహద్దే. కస్టమ్స్ కోసం "వాడిన సొంత కంబళి, అమ్మకానికి కాదు" అని రాశాను. విలువ ఎంత వేయమంటావని అడిగితే ఈరన్న, "వాళ్ళకు నవ్వు రాకుండా ఏదో ఒగటి రాయిమ్మా," అన్నాడు.

పార్సిల్ వచ్చిన రోజు కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. బ్లేడు ఇస్తే వద్దని వేళ్ళతోనే విప్పాడు. కంబళి తీసి ముక్కుకు ఆనించుకున్నాడు. సబ్బు వాసన నా కుర్చీ దాకా వచ్చింది. తర్వాత దాన్ని నేల మీద పరిచాడు. అంచు పట్టుకుని ఇటు లాగాడు, అటు లాగాడు. ఇంకా మడత ఉందేమోనని కింద చేయి పెట్టి చూశాడు. చివరికి మూరతో కొలిచాడు.

మామూలు దుప్పట్లతో పాటు వేడినీళ్ళ యంత్రంలో వేసినట్టున్నారు. గొర్రె బొచ్చు అలా తిప్పితే దగ్గరకు ముడుచుకుపోతుంది. ముడుచుకున్నది మళ్ళీ సాగదు.

"ఇద్దరం పండుకునేటిదిమ్మా ఇది," అన్నాడు.

హోటల్‌ను అడుగుతాను, పరిహారం ఇప్పిస్తాను అని నేను ఏదేదో మాట్లాడాను. ఆయన వినడం లేదు. కంబళి మీద కూర్చుని అరచేత్తో రాస్తున్నాడు. ఆయన కూర్చున్నాక పక్కన పెద్దగా చోటు మిగల్లేదు.

"కానీలేమ్మా," అన్నాడు. "ఇప్పుడు ఒగనికే కదా."

మడిచి భుజాన వేసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు ఇంకే ఫోనూ ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత చాలామంది వస్తువులు తెప్పించాను. ఎవరైనా ఏదైనా పోగొట్టుకున్నారంటే ఆ పొద్దు ఎలా లేచారు, లేచి ఏం చేశారు అని ముందు అడగడం ఈరన్న దగ్గరే అలవాటైంది. అలా అడగడం వల్ల దొరికినవి ఉన్నాయి. కానీ "దొరికింది, ఇక బెంగపడకండి" అనే మాట మానేశాను. దొరికిందని చెప్తాను. ఎలా ఉందో నేను చూడలేదని కూడా చెప్తాను.