పిడికిలి అంటే నేనే

“చేతుల్తోనే పని జరిగిపోతంటే నోరెందుకు తెరుస్తదే? రేపట్నుంచి పిల్లను పంపను!” అన్నాను.

“మాట వచ్చేదాకా ఆకలి ఆగుద్దా పెద్దమ్మా? చెవి మిషనూ పెట్టుకుంటది, చెయ్యీ ఆడిస్తది. ఏది ముందొస్తే దాంతోనే అడుగుద్ది” అంది అంగన్‌వాడీ టీచరు.

“ఆ మూగసైగలు నా గుమ్మంలోకి రానియ్యను.”

“నీ గుమ్మంలోకి రాకపోతే ఏందిలే, వీధి మొత్తానికీ వచ్చేసినయ్!”

నా మనవరాలిది పుట్టుచెవుడు. ఇంకా బడి ఈడు రాలేదు. నరసరావుపేట డాక్టరు చెవికి మిషను పెట్టి, వాడుతూ ఉంటే మెల్లగా మాట వస్తుందన్నాడు. అంత పెట్టి కొన్న మిషను దండగ కాకూడదని ఇంట్లో సైగలు మాన్పించాను. చెయ్యెత్తితే కళ్ళెర్రజేసేదాన్ని. అంగన్‌వాడీలో మిగతా పిల్లలకు కూడా సైగలు నేర్పుతున్నారని ఆ సాయంత్రమే విన్నాను. టీచరు మా వీధిన పోతుంటే ఆపి నిలదీశాను.

అరుగు మీద ఆడవాళ్ళు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. పచ్చళ్ళ కొట్టు నడిపే ఎదురింటి కోడలు మధ్యలో అందుకుంది.

“అత్తా, నీ మనవరాలు మా అందరికీ పేర్లు పెట్టింది, తెలుసా?”

“మాటే రాని పిల్ల పేర్లేం పెడతదే?”

“చూడు మరి.” బొటనవేలు నుదుట అద్దింది. “ఇది టీచరు. పెద్దబొట్టు గదా.” వేలు నాకింది. “ఇది నేను. పచ్చడి రుచి చూస్తానుగా.” తర్వాత పిడికిలి బిగించి చూపింది. తొడిమలు తీసేవాళ్ళంతా గొల్లుమన్నారు.

“ఇది నువ్వే అత్తా!”

“పిడికిలా?”

“మరి! చిటికెడు కారం అడిగినా విప్పవుగా!”

నాకు నవ్వు రాలేదు. ఆ పేరు పాలుపోసే అతనికి కూడా తెలుసట. అంగన్‌వాడీలో నేర్చుకున్న సైగల్ని పిల్లలు ఇళ్ళకు మోసుకెళ్ళి పెద్దవాళ్ళకు నేర్పారు. వీధి వీధంతా నా మనవరాలితో మాట్లాడుతోంది. ఇంట్లో నేను తప్ప.

“అయితే నా ముందు ఒక్క సైగా చెయ్యదేంది?” అన్నాను.

పిల్ల అప్పుడే కొట్టు వైపు నుంచి వస్తోంది. పక్కనున్న ఇంకో పిల్లకు రెండు చేతులూ తిప్పుతూ ఏదో చెబుతోంది, కళ్ళు పెద్దవి చేసి, ఆగకుండా. నన్ను చూసింది. గబుక్కున చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

ఇంట్లో రోజూ అట్లాగే నిలబడుతుంది. ఎంత బుద్ధిమంతురాలో అని ఊళ్ళో చెప్పుకునేదాన్ని.

మిరపకాయల పక్కనే కూలబడ్డాను. టీచరు వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పిల్లకు జడలు వేసి, చెవికి మిషను పెట్టి, నేనే అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర వంగి దానికి నా పిడికిలి చూపించాను. అది నా ముఖంలోకి చూసింది, టీచరు వైపు చూసింది. చేతులు మాత్రం వెనక నుంచి తీయలేదు. టీచరు చాప చూపించి “కూర్చో పెద్దమ్మా” అంది. పిల్లల మధ్య కూర్చున్నాను. నీళ్ళు ఎట్లా అడగాలో ముందు నేర్పారు.